పావురాల కొండ మీద పాత ఫొటోలు

కింద లోయలో నిమ్మ, నారింజ తోటలు. అక్కణ్నుంచి మెలికలు తిరిగే ఘాట్‌ రోడ్డు. ఓక్‌, దేవదారు చెట్లు గుబురుగా కనిపించాయంటే దాదాపు 5,600 అడుగుల ఎత్తుకు చేరినట్టే. అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాన్‌డియాగోకు ఉత్తరాన ఉన్న పలొమార్‌ కొండ ఇది. స్పానిష్‌లో పలొమార్‌ అంటే పావురాల గూడు. ఇప్పుడు మాత్రం ఆ కొండకు గుర్తు పావురాలు కాదు... చెట్ల మధ్య తెల్లగా మెరిసే గుమ్మటాలు!

సందర్శకుల కళ్లన్నీ పెద్ద గుమ్మటం మీదే. అందులో ఉన్నది 200 అంగుళాల హేల్‌ టెలిస్కోపు మరి. కాస్త దూరంలో చిన్న గుమ్మటం కింద ఉండే 48 అంగుళాల ష్మిట్‌ టెలిస్కోపుకి అంత పేరు లేదు. కానీ ఆకాశాన్ని ఆల్బమ్‌లా దాచిపెట్టింది అదే.

1949లో మొదలైందా పని. 14 అంగుళాల చదరపు గాజు పలకే ఫిల్మ్‌. నిండు చందమామలు ఓ పన్నెండు వరసగా పేర్చినంత వెడల్పు ఆకాశం ఒక్క పలకలో పడుతుంది. ప్రతి భాగాన్నీ ఎరుపు కాంతిలో ఒకసారి, నీలి కాంతిలో ఒకసారి తీయాలి. అదీ పలకను కొద్దిగా వంచి బిగించి. గాజును వంచడమంటే మాటలా! అలా దాదాపు పదేళ్లలో 900కు పైగా జతలు తీశారు. హైదరాబాద్‌లో పెరిగిన ఖగోళవేత్త వైను బప్పు పలొమార్‌లో పరిశోధనలు చేసిందీ ఆ రోజుల్లోనే.

రాత్రుళ్లు ఆ ఫొటోలు తీసినవారిలో జార్జ్‌ ఏబెల్‌ అనే పరిశోధక విద్యార్థి ఒకరు. పలకల్లో మసక మసగ్గా ఉన్న వలయాలను ఏరి, 1966లో 86 ప్లానెటరీ నెబ్యులాల జాబితా ప్రచురించారు. (కొన్ని అవి కావని తర్వాత తేలింది లెండి.)

పేరు చూసి గ్రహాలనుకునేరు. సూర్యుడిలాంటి నక్షత్రం చివరి దశలో పైపొరల్ని వదిలేస్తుంది. ఆ వాయువే వెలుగుతూ విస్తరిస్తుంది. 18వ శతాబ్దంలో విలియం హెర్షెల్‌కి గ్రహంలా గుండ్రంగా కనిపించడంతో ఆ పేరు పడింది. కొన్ని వేల ఏళ్లకే పలచబడి మాయమవుతుంది. కోట్ల ఏళ్లు బతికే నక్షత్రానికి అది రెప్పపాటు. అందుకే కొత్తది ఒక్కటి దొరికినా పండగే.

ఏబెల్‌ కంటికి చిక్కనివి ఇంకా ఉన్నాయా? 1980ల్లో ఇదే టెలిస్కోపు మరో సర్వే మొదలుపెట్టింది. పలకలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాక, ఇంట్లో కూర్చునే వెతికే వీలొచ్చింది. ‘డీప్‌ స్కై హంటర్స్‌’ అనే ఔత్సాహికుల బృందం అదే పనిగా చూసింది. ఎరుపు, నీలి చిత్రాలను పక్కపక్కన పెట్టి పోల్చాలి. ముసలి నెబ్యులాలు తరచూ ఎరుపులోనే బయటపడతాయి. మోసపోవడమూ తేలికే. గాజు మీద మరక, దుమ్ము, పక్కనున్న పెద్ద నక్షత్రం ప్రతిబింబం... అన్నీ నెబ్యులాల్లానే ఊరిస్తాయి. పెద్ద టెలిస్కోపు కాంతిని విడదీసి చూసి ఔనంటేనే లెక్క.

2011 జనవరిలో ఆ బృందంలోని ఆస్ట్రియా వాసి మథియాస్‌ క్రోన్‌బెర్గర్‌కు సిగ్నస్‌ నక్షత్ర మండలంలో ఓ గుండ్రటి మసక కనిపించింది. అప్పట్లో నాసా కెప్లర్‌ టెలిస్కోపు కన్నార్పకుండా చూస్తున్న ఆకాశ భాగమది! హవాయిలోని జెమిని టెలిస్కోపు ఫొటో తీస్తే అచ్చం ఫుట్‌బాల్‌. దానికి ‘క్రోన్‌బెర్గర్‌ 61’ అని పేరు పెట్టారు.

పలొమార్‌లో గాజు పలకల కాలం ముగిసింది. 2018 నుంచి చిన్న గుమ్మటంలో డిజిటల్‌ కెమెరా ఒక్కసారికి 47 చదరపు డిగ్రీల ఆకాశాన్ని పట్టేస్తోంది. ఆ పాత పలక మీద క్రోన్‌బెర్గర్‌ 61 మాత్రం నువ్వుగింజంత కూడా ఉండదు.