మణికట్టు చెప్పే తీర్పు

మనిషి బలాన్ని కంటితో కొలవడం లోకానికి అలవాటు. వెడల్పైన ఛాతీ, ఉబికిన కండలు, నిలువెత్తు విగ్రహం చూడగానే గెలుపు ఇతడిదేనని చూపరులు ముందుగానే నిశ్చయించుకుంటారు. ఆ నిశ్చయాన్ని ఒక్క క్షణంలో తలక్రిందులు చేయగల క్రీడ ఒకటి ఉన్నది. దానికి విశాలమైన మైదానం అక్కరలేదు. ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక బల్ల, ఇద్దరు మనుషులు ఉంటే చాలు. ఉత్తర భారతంలో దానిని పంజా అంటారు; తెలుగువారు పంజా కుస్తీ అంటారు. బడిలో బెంచీ మీద, టీకొట్టు ముందు బల్ల మీద సరదాగా సాగే ఈ ఆట, నియమాలతో, బరువుల తరగతులతో, బిరుదులతో అంతర్జాతీయ క్రీడగా రూపొందిన వైనం ఆసక్తికరమైనది.

చేతులు కలిపి బలాబలాలు తేల్చుకోవడం ఏనాటి నుంచో ఉన్నదే. అయితే దానిని ఒక పద్ధతిగల పోటీగా ప్రపంచం ముందుంచిన ఊరు అమెరికాలోని పెటలూమా. కాలిఫోర్నియా రాష్ట్రంలో కోళ్ళ పెంపకానికి పేరుపడ్డ చిన్న పట్టణమది. 1950ల తొలినాళ్ళలో అక్కడి గిలార్డీ మద్యశాలలో సాగే పందాలను స్థానిక పత్రికలో శీర్షిక నిర్వహించే బిల్ సోబరేనెస్ ఊరంతటికీ పండుగగా మార్చాడు. 1962లో డేవ్ డివోటో అనే మిత్రునితో కలిసి ప్రపంచ పోటీలు ప్రారంభించాడు. 1969 నుంచి ఏ.బి.సి. టెలివిజన్ ఆ పోటీలను దేశమంతటికీ చూపించింది. 1979లో ప్రపంచ సమాఖ్య తన తొలి పోటీలను కెనడాలో జరిపింది. మద్యశాలలోని కాలక్షేపం ఆ విధంగా పతకాల క్రీడ అయింది.

పెటలూమా పేరు మారుమ్రోగడానికి ఒక కుక్క కూడా కారణమంటే నవ్వు రాకమానదు. చార్లెస్ షుల్జ్ గీసే 'పీనట్స్' బొమ్మల కథలలోని స్నూపీ, 1968లో ఆ పోటీకని బయలుదేరుతుంది. తీరా అక్కడికి చేరాక దానిని అనర్హునిగా ప్రకటిస్తారు. కారణం, దానికి బొటనవ్రేలు లేదు! నియమం ప్రకారం బొటనవ్రేళ్ళు పెనవేయనిదే పట్టు పట్టు కాదు. నవ్వించడానికి గీసినదే అయినా, ఆట మర్మమంతా ఆ చిత్రంలోనే ఉన్నది. ఈ పోటీ జబ్బల మధ్య జరిగేది కాదు. వ్రేళ్ళ మధ్య, మణికట్టుల మధ్య జరిగేది.

పోటీబల్ల మీద మోచేతులు ఆనడానికి రెండు మెత్తలు, ఖాళీచేతితో పట్టుకోవడానికి రెండు పిడులు ఉంటాయి. పట్టు సమంగా కుదిరిందని రెఫరీకి తృప్తి కలిగిన తరువాతనే ఆరంభ సంకేతం వెలువడుతుంది. మోచేయి మెత్త నుంచి లేస్తే తప్పు. రెండు తప్పులు చేస్తే ఓటమి. చేతులు జారి విడిపోతే రెండింటినీ పట్టీతో బిగించి కట్టి మళ్ళీ ఆడిస్తారు. ఇక పన్నాగాలలో ప్రధానమైనవి రెండు. ప్రత్యర్థి వ్రేళ్ళ కొసలను తనవైపు లాగి, అతని అరచేతిని తెరిచి, మణికట్టును వెనుకకు వంచడం ఒకటి. దీనిని టాప్‌రోల్ అంటారు. తన మణికట్టును లోపలికి ముడిచి ఎదుటివానిని కూడా ఆ ఇరుకులోకి లాక్కొని పడవేయడం రెండవది, అది హుక్. మోచేయి ఆధారంగా చేయి మొత్తం ఒక మీటవలె పనిచేస్తుంది గనుక, ఆ మీట కొసను వశపరచుకున్నవానికి కొద్దిపాటి బలమే ఎంతో అవుతుంది. ఒకసారి మణికట్టు వంగిందా, భుజంలో ఎంత శక్తి ఉన్నా అది అరచేతిదాకా చేరదు. తాడు తెగిన తరువాత ఎద్దులు ఎంత లాగినా మోటబావిలో నీరు పైకి రాదు గదా!

ఈ మర్మాన్ని సంపూర్ణంగా గ్రహించినవాడు జాన్ బ్రజెంక్. 1964లో జన్మించిన ఈ అమెరికన్ చూడటానికి రాక్షసాకారుడేమీ కాడు. అయినా తనకంటే ఎంతో బరువైన వారిని దశాబ్దాల తరబడి ఓడించాడు. సిల్వెస్టర్ స్టాలోన్ నటించిన 'ఓవర్ ది టాప్' చిత్రం 1987లో విడుదలైంది. దాని కోసం 1986లో లాస్ వేగాస్‌లో జరిగిన మహాపోటీలో, లారీ డ్రైవర్ల విభాగంలో గెలిచి బ్రజెంక్ ఒక లారీనే బహుమతిగా పొందాడు. కానీ ఆ కీర్తి అతనికి కూడు పెట్టలేదు. బ్రతుకుతెరువుకు అతడు విమానాల మెకానిక్‌గా పనిచేశాడు. లోకం శ్రేష్ఠమని చెప్పుకున్న ఆ చేయి, పగలంతా రెంచీ పట్టిన చేయే!

ఇంతకూ ప్రపంచంలో ప్రథముడెవరు? ఈ ప్రశ్నకు ఈ క్రీడలో తేలికైన సమాధానం లేదు. పోటీలు నిర్వహించే సంస్థలు అనేకం. కుడిచేతికి, ఎడమచేతికి వేరువేరు బిరుదులు. రెండుసార్లు ఓడేవరకు అవకాశమిచ్చే సామూహిక పోటీలు ఒకవైపు, ఇద్దరినే ఎదురెదురుగా నిలిపి పలుమార్లు ఆడించే ద్వంద్వాలు మరొకవైపు. పైగా, మొదటివాడు రెండవవానిని, రెండవవాడు మూడవవానిని ఓడించినంత మాత్రాన మొదటివాడు మూడవవానిని ఓడిస్తాడన్న నమ్మకం లేదు. ఒకని పన్నాగం ఒకనిపై పారుతుంది, మరొకనిపై పారదు. 2008లో కెనడా సైనికుడు డెవాన్ లారట్ బ్రజెంక్‌ను ఓడించాడు. 2022లో దుబాయిలో జార్జియా దేశపు మహాకాయుడు లెవాన్ సాగినాష్విలీ ఆ లారట్‌ను ఓడించాడు. దేహబలం వట్టిదని ఎవరూ అనలేరు; అందుకే బరువుల తరగతులు ఏర్పడ్డాయి. అయితే అభిమానులు వ్రాసుకునే జాబితా ఎంత పొడవైనదైనా, రెండు చేతులు కలిసేదాకా అది ఊహ మాత్రమే.

ఆ చేతులు కలపడంలో అపాయమూ ఉన్నది. ఓటమిని ఒప్పుకోలేని అనుభవశూన్యుడు ముఖం పక్కకు త్రిప్పి, భుజాన్ని ముందుకు తోసి, చేతిని మాత్రం వెనుక వదిలివేస్తాడు. అప్పుడు దండచేతి ఎముక మెలిపడి విరుగుతుంది. ఆ ఎముకను చుట్టుకొని పోయే నరం దెబ్బతింటే మణికట్టు కొంతకాలం వాలిపోవచ్చు. చూపు తన చేతి మీదనే నిలపాలనీ, చేతిని, భుజాన్ని ఒకే వరుసలో ఉంచాలనీ గురువులు మొదటినాడే బోధించేది అందుకే. టీకొట్టు బల్ల దగ్గర ఈ హెచ్చరిక చెప్పే రెఫరీ ఉండడు. పౌరుషం కోసం పట్టిన పట్టు ఆసుపత్రిలో ముగియరాదంటే, ఎప్పుడు చేయి వదలాలో తెలియాలి.

భారతదేశంలో ఈ క్రీడకు 2023లో కొత్త వెలుగు వచ్చింది. 'తమ్ముడు', 'నరసింహనాయుడు' చిత్రాల ద్వారా తెలుగు ప్రేక్షకులకు పరిచితురాలైన నటి ప్రీతి ఝంగియానీ, ఆమె భర్త పర్వీన్ దబాస్ స్థాపించిన ప్రో పంజా లీగ్ తొలి పోటీలు ఆ సంవత్సరం ఢిల్లీలో జరిగాయి. ఆరు జట్లలో 'కిరాక్ హైదరాబాద్' ఒకటి. అది తుదిపోటీదాకా వెళ్ళి కొచ్చి జట్టు చేతిలో ఓడింది. పురుషులతోపాటు స్త్రీలకు, దివ్యాంగులకు కూడా అందులో విభాగాలున్నాయి. నడవలేని కాళ్ళు గలవాడు సైతం ఈ బల్ల ముందు ఎవరికీ తీసిపోడు.

బ్రజెంక్ అరవైకి చేరువవుతున్న వయసులోనూ ఇస్తాంబుల్ పోటీలలో తనకంటే ఎంతో చిన్నవారిని ఎదుర్కొన్నాడు. కొన్నిట ఓడాడు కూడా. అతనికి కొత్తగా రుజువు చేసుకోవలసినది ఏమీ లేదు. అయినా ఎదుటివాని అరచేయి తన అరచేతికి తగిలిన క్షణాన తెలిసే సత్యం మరే విధంగానూ తెలియదని అతనికి తెలుసు. ప్రేక్షకులు గ్రహించకముందే, రెఫరీ ప్రకటించకముందే, గెలుపోటములు ఆ రెండు చేతులకూ తెలిసిపోతాయి. ఆ తీర్పును తలవంచి స్వీకరించి, మరునాడు మళ్ళీ సాధనకు కూర్చునేవాడే ఈ క్రీడకు నిజమైన వారసుడు.