దూరపు పలకరింపు, దగ్గరి సాయం

విదేశాల్లో బిడ్డలున్న పెద్దలు చవకైన ఫోన్ ప్లాన్ ఏదని నన్ను తరచూ అడుగుతుంటారు. వాట్సాప్ వంటి ఇంటర్నెట్ కాల్‌కు విడిగా ఐఎస్‌డీ ఛార్జీ ఉండదు. ఖర్చయ్యేది డేటా మాత్రమే. నేనూ మా అమ్మాయితో అలాగే మాట్లాడుతాను. మాటలకు కొద్దిపాటి డేటా చాలు. వీడియోకు దానికి ఎన్నో రెట్లు కావాలి. ఇంట్లో వైఫై ఉంటే పెద్ద డేటా ప్యాక్ అనవసరం.

అయితే చవకగా వస్తుందని మామూలు కాల్ సదుపాయాన్ని వదులుకోకండి. వాట్సాప్ నుంచి 108కి కాల్ వెళ్ళదు. గుండెనొప్పి రాగానే అమెరికాలోని కొడుకుకు ఫోన్ చేసి, అతని సలహా కోసం ఎదురుచూసిన రోగులను నా సర్వీసులో చూశాను. అక్కడి నుంచి అతను 108 నొక్కినా ఇక్కడి అంబులెన్స్ పలకదు. ఆలస్యమైన ప్రతి నిమిషమూ గుండె కండరానికి నష్టమే.

ముందు 108కి, తర్వాతే బిడ్డలకు. ప్లాన్ గడువు తీరే తేదీని మందుల చీటీ పక్కనే రాసిపెట్టుకోండి.