ఓడయాత్రలో పైఖర్చులు

యాత్రకు బయలుదేరుట సులభము; అప్పు లేకుండ ఇల్లు చేరుట కష్టము. మనుచరిత్రమునందలి ప్రవరుడు పాదములకు లేపము పూసికొని హిమాలయమునకు పోయినపుడు తిరుగుదారి మాట తలపలేదు. ఇల్లు జ్ఞప్తికి వచ్చి మరలబోవునప్పటికి ఆ లేపము మంచునీట కరిగిపోయి యుండెను. ఈ కాలమున ఓడయాత్రకు కొను టిక్కెట్టును ఆ పాదలేపము వంటిదే. అది మనలను ఓడ యెక్కించును. దిగునాటి లెక్కను గూర్చి యేమియు పలుకదు.

మఱదులును, తోబుట్టువులును దేశాంతరములందు కాపురములు పెట్టిన యీ దినములలో ఓడవిహారము కేవలము ధనవంతుల సొత్తుగా నిలువలేదు. హ్యూస్టను, డాలసు నగరములందలి తెలుగు కుటుంబములకు టెక్ససు తీరమందలి గాల్వెస్టను రేవు కారులో పోదగినంత దూరమున నున్నది. స్వదేశమునుండి పెద్దలు వచ్చినపుడు వారిని నాలుగైదు దినములు మెక్సికో తీరమునకు త్రిప్పి తెచ్చుట యచ్చటివారి కొక ముచ్చట. అట్టి ముచ్చటయే 2025 మే నెలలో మాకును పట్టినది. బడికి వేసవి సెలవు లిచ్చినంతనే మావారును, మేమును, పిల్ల లిద్దఱును, అత్తగారును డాలసులోని మా మఱది యింటికి పోయితిమి. అతడును, తోడికోడలును, వారి పిల్లయు కలిసి మొత్తము ఎనమండుగురము. ఐదు రాత్రుల ప్రయాణము. కోజుమెలు, ప్రోగ్రెసో యను రెండు మజిలీలు.

టిక్కెట్లన్నియు మఱదియే కొనెను. అన్నగారికి అది మనసున కెక్కలేదు. బడిపంతులు తమ్ముని సొమ్ముతో సముద్రము చూచివచ్చెనను మాట ఎవరును అనకపోయినను తన చెవిలో మ్రోగుచునే యుండునని వారి బెంగ. తుద కొక యొడంబడిక కుదిరినది: టిక్కెట్లు తమ్మునివి, ఓడ యెక్కిన పిమ్మటి పైఖర్చులన్నియు మావి. ఇందుకై మేము లక్షరూపాయల చీటీ పాడి తెచ్చుకొన్న సొమ్ము మార్పిడిలో 1,150 డాలర్లైనది. అంతకు మించి ఒక్క డాలరు చేతలేదు. కావున ఆ యైదు దినములును మా చేతిసంచిలో నోటుపుస్తక మొకటి విడువక యుండెను. అందలి యనుభవము తోడి గృహిణులకు పనికివచ్చునని యిట వ్రాయుచున్నాము.

మొదట తెలిసికొనవలసినది టిక్కెట్టులో నేమున్నది, ఏమి లేదు అని. పడకగది, పెద్ద భోజనశాలలోను వడ్డన బల్లలయొద్దను భోజనము, మంచినీరు, సాధారణమైన కాఫీ టీలు, ఈతకొలను, సాయంకాలపు ఆటపాటలు టిక్కెట్టులోనివే. శాకాహారులమని ముందుగా చెప్పిన పెక్కు ఓడలలో పప్పు, కూర, అన్నము వండి పెట్టుదురు. మా అత్తగారికి భోజనమునకు లోటు రాలేదు. సీసాలలోని శీతలపానీయములు, విశేషపు కాఫీలు, ప్రత్యేక భోజనశాలలు, ఇంటర్నెట్టు, ఛాయాచిత్రములు, ఒడలు పిసుకువారి సేవ, పిల్లల యంత్రక్రీడలు, రేవులలో త్రిప్పిచూపు యాత్రలు, వైద్యుని ఫీజు — ఇవి యన్నియు వేఱు. పానీయమునకు వ్రాసిన వెలపై నూటికి 18 మొదలు 20 వఱకు సేవారుసుము తనంతట తానే చేరును. అది చేరిన పిమ్మటకూడ చీటీపై ‘ఇంకను ఏమైన నిత్తురా’ యని ఖాళీ గీత యుండును. ఆ గీతను చూచి కంగారుపడనక్కఱలేదు. ఈయవలసినది అప్పటికే యిచ్చియున్నాము.

రేవుపన్నుల సంగతి కొంత నయము. 2024 జూలైలో కాలిఫోర్నియా రాష్ట్రమున ధరల ప్రకటనను గూర్చిన చట్టము అమలునకు వచ్చిన పిదప అమెరికాలోని పెద్ద నౌకాసంస్థలు పన్నులు కలిపియే ధర చూపుట మొదలిడినవి. మేము వచ్చిన పిమ్మట 2025 జూలై 1 నుండి మెక్సికో ప్రభుత్వము ఓడప్రయాణికులపై తలకు 5 డాలర్ల పన్ను విధించినది. ఎనమండుగురకు 40 డాలర్లు! చిన్న సంఖ్యలే పెద్ద కుటుంబమునకు పెద్దవగునని యిందుమూలమున గ్రహింపవచ్చును.

ఓడలో నాణెములు చేతులు మారవు. గది తాళమైన కార్డునే చూపి కావలసినవి కొనవచ్చును. లెక్క తుదిదినమున మన బ్యాంకు కార్డుపై పడును. చేతినుండి డబ్బు వెడలుట కన్నులకు కనబడనందున ఖర్చు చేసినట్లే తోపదు. అందుచేత మొదటిదినముననే కార్యాలయమునకు పోయి పిల్లల కార్డులపై కొనుగోళ్లు జరుగకుండ కట్టుదిట్టము చేయించితిమి. డెబిట్ కార్డు ఇచ్చినచో వారు కొంత సొమ్మును ముందుగానే పట్టి యుంచుదురు. ఓడ దిగిన తరువాతను అది విడుదల యగుటకు కొన్నిదినములు పట్టవచ్చును. కనుక వీలున్నవారు క్రెడిట్ కార్డు నిచ్చుట మేలు.

ప్రతిరాత్రియు భోజనానంతరము ఫోనులో ఆనాటి లెక్క చూచి నోటుపుస్తకముతో సరిచూచుచుంటిమి. రెండవరాత్రి ఇంటర్నెట్టు వెల రెండుమారులు పడియుండెను. మఱునాడుదయమున పోయి చూపగా మాఱుమాటాడక తీసివేసిరి. అదియే తుదిదినము వఱకు ఊరకుండినచో దిగువారి సందడిలో ఎవరికి చెప్పుకొందుము? పాలలెక్క నెలకొకమారు చూచునామెకంటె దినదినమును గోడపై గీత గీయునామె లాభపడునను సంగతి మన కందఱకును తెలిసినదే.

రేవులలో ఓడవారి యాత్రలే కొనవలెనను నిర్బంధము లేదు. కోజుమెలులో ఓడ దిగి, వెల ముందుగా మాటాడుకొని, ఒక వ్యానులో ద్వీపమందలి సముద్రతీరమునకు పోయి వచ్చితిమి. అయితే మనంతట మనము పోయినపుడు ఆలస్యమైనచో ఓడ మనకొఱకు నిలువదు. కావున ఓడ కాలమేదో గడియారమున చూచుకొని, రెండుగంటలు ముందుగానే తిరిగి చేరితిమి. వైద్యము విషయమున మాత్రము పొదుపు పనికిరాదు. అత్తగారి మందులు పదిదినములకు సరిపడ చేతిసంచిలో నుంచితిమి; ప్రయాణపు బీమా ఓడయాత్రకు వర్తించునో లేదో కాగితము చదివి చూచిన పిమ్మటనే తీసికొంటిమి.

ఇక అసలు విషయము. గ్రాట్యుటీ యను మాట మా యింటికి క్రొత్తది కాదు. ఉపాధ్యాయుడు ముప్పదియేండ్లు సుద్దముక్క పట్టి విరమించునాడు చేతికి వచ్చు మొత్తమునే మే మా పేరున నెఱుగుదుము. ఓడలో నదే మాటకు బక్షీసని యర్థము. 2025 నాటికి అమెరికా పెద్ద ఓడలలో సాధారణపు గదులవారికి దినమునకు తలకు సుమారు 16 మొదలు 20 డాలర్ల వఱకు ఇది వ్రాయుచుండిరి. పెద్దలకును పిల్లలకును ఒకటే లెక్క. పాలుత్రాగు బిడ్డలకు మాత్రము కొన్ని ఓడలలో మినహాయింపు గలదు. మాకు 17 డాలర్లు పడినది. దినమునకు 136, ఐదు దినములకు 680 డాలర్లు. రూపాయలలో సుమారు 57,800. మా చీటీసొమ్ములో సగమునకు మించి దీనికే సరి.

మూడవరాత్రి మఱది ఈ లెక్క చూచి మెల్లగా మొదలిడెను: “అన్నయ్యా! కార్యాలయమునకు పోయి యొక్కమాట చెప్పినచో దీనిని కొట్టివేయుదురు. నా స్నేహితులలో నట్లు చేయించుకొన్నవా రున్నారు. గది సర్దువాని చేతిలో ఏబదియో నూఱో పెట్టుదము. వానికిని సంతోషము, మీకును బరువు తగ్గును. వదినా, మీరైన చెప్పుడు.” అన్నపై ప్రేమచేత నన్న మాటయే యది, అందు కపట మేమియు లేదు. మావారు సమాధానము చెప్పక కళ్లజోడు తుడుచుకొనుచు కూర్చుండిరి. ఆ సొమ్ము మిగిలినచో పెద్దవాని కళాశాల ప్రవేశమునకు పనికివచ్చునని వారి మనసున మెదలుచున్నదని మాకు తెలియును. మాకును మెదలినది.

అపుడు మంచముపై నున్న అత్తగారు లేచి కూర్చుండి, “కళ్లములో మేర కొలువక ధాన్యము ఇంటికి తెచ్చుకొందుమా, నాయనా?” అనిరి.

మేర యనగా నేమో నేటి పడుచులు కొందఱెఱుగకపోవచ్చును. పంట నూర్చిన కళ్లములో రైతు తన గాదె కెత్తుకొనుటకు ముందే చాకలికి, మంగలికి, వడ్రంగికి, కమ్మరికి కొలిచి యిచ్చు ధాన్యమే మేర. ఏడాది పొడవున చేసిన పని కది కూలి. అది దానము కాదు, దయ కాదు. అత్తగా రా మాట యనగానే మాకు మార్గము కనబడినది. మఱదితో నిట్లంటిమి: “నాయనా, గది సర్దువాడు మన కంటికి కనబడుచున్నాడు, చేతిలో పెట్టగలము. పక్కదుప్పట్లు ఉదికినవా డెవడు? గిన్నెలు తోమినవా డెవడు? అత్తగారికి పప్పు వేఱుగా వండినవా డెవడు? వ్రాసిన బక్షీసు వారందఱకును పంపకమగునని యీ కాగితమే చెప్పుచున్నది. దానిని కొట్టివేయించి ఒక్కని చేతిలో పెట్టిన, కనబడినవానికి ఇనాము, కనబడనివానికి ఎగవేత యగును.”

మా గది సర్దు యువకుడు ఇండోనీసియా దేశస్థుడు. దినదినమును తువ్వాళ్లతో ఒకనాడు ఏనుగును, ఒకనాడు కోతిని మడిచి పడకపై నుంచి మా పిల్లలను నవ్వించువాడు. తన రెండేండ్ల కూతును ఫోనులో చూచుటయే గాని యెత్తుకొని ఏడునెలలైనదని తోడికోడలితో చెప్పినాడట. 2006లో అంగీకరింపబడి 2013 ఆగస్టులో అమలునకు వచ్చిన నావికకార్మికుల అంతర్జాతీయ ఒడంబడికలో, పనివేళకు హద్దు పెట్టిన దేశములలో అది 24 గంటలలో 14 గంటలను, వారమునకు 72 గంటలను మించరాదని యున్నది. హద్దే 72 గంటలైనపుడు, ఆదివారము లేక పనిచేసినను దినమునకు పదిగంటలకు పైమాటే గదా.

ఇట్టి కష్టజీవులకు జీతము నిండుగ నిచ్చి, ఆ మొత్తమును టిక్కెట్టులోనే కలిపి చెప్పుట న్యాయమని మా యభిప్రాయము. పనివాని కూలి ప్రయాణికుని మనసునుబట్టి యుండరాదు. మేర పద్ధతిలోను ఆ దోషముండెను. పంట పోయిన యేట మేరయు పోవుచుండెను. కాని నౌకాసంస్థవారి పద్ధతి బాగులేదని, ఆ కోపము దుప్పట్లుతుకువానిపై చూపుట ధర్మము కాదు. సేవలో లోపమున్నచో చెప్పి సరిచేయించుకొనవలెను. లోపము లేనపుడు ఈయవలెను.

మఱది కొంతసేపు ఊరకుండి, “అట్లైన సగము నే నిత్తును” అనెను. మావారు కళ్లజోడు పెట్టుకొని, “మాట మాదిరా” అని నవ్విరి. వారి ముఖమున మూడుదినములుగా లేని తేట యపుడు కనబడినది. తమ్ముని యెదుట తానొక యతిథినిగాక అన్నగా నిలిచితినను తృప్తి యది. 680 డాలర్లకు అది కూడ దొరకినదని మేము లెక్క వేసికొంటిమి.

దిగునాటి మా పుస్తకములోని లెక్క యిది: బక్షీసు 680; రేవున కారు నిలుపుటకు 120; రెండు రేవులలో వ్యాను, తినుబండారములు 160; ఒక ఫోనునకు ఇంటర్నెట్టు 90; అందఱము కలిసిన ఛాయాచిత్ర మొకటి 25; గది సర్దినవానికిని, భోజనశాలలో వడ్డించినవానికిని విడిగా చెఱి 20. మొత్తము 1,115. మిగిలినవి 35 డాలర్లు. ఇవిగాక వడ్డించినవాని పేరును, గది సర్దినవాని పేరును అభిప్రాయపత్రమున వ్రాసి మెచ్చుకొంటిమి. దానికి ఖర్చు లేదు, పనివానికి పైవారియొద్ద మంచిపేరు వచ్చును.

కావున యాత్ర తలపెట్టు సోదరీమణులు టిక్కెట్టు కొనుటకు ముందే బక్షీసును తలలచొప్పున, దినములచొప్పున హెచ్చవేసి, ఆ సొమ్మును వేఱొక కవరులో నుంచి ముడివేయవలెను. వీలున్నచో ముందుగానే చెల్లింపవచ్చును. అపుడు ఓడలో దానిని గూర్చి మనసు ఊగులాడదు. మిగిలిన దానిలో ఎవరి ముచ్చట యేదో ఇంటనే కూర్చుండి మాటాడుకొనవలెను. సముద్రముపై బేరము లాడుకొను కుటుంబమునకు సముద్రము కనబడదు. కొలువవలసిన మేర ముందుగా కొలిచిపెట్టిన గృహిణి, తరువాత ఓడ యంచున నిలిచి నిశ్చింతగా అలలను లెక్కించుకొనవచ్చును. ఆ లెక్క నెవరును అడుగరు.