గోల్‌పోస్టు వెనక

శేరిలింగంపల్లిలో 2011లో మా కాలేజీకీ పక్క కాలేజీకీ ఫుట్‌బాల్ మ్యాచంటే యుద్ధమే. మగపిల్లలు ఆడేవాళ్లు. మేం గోల్‌పోస్టు వెనక చేరి గొంతు పోయేదాకా అరిచేవాళ్లం. హాస్టల్ గేటు మూసేలోపు పరుగెత్తాలి కదా, ఆఖరి గోల్స్ ఎన్నో మర్నాడు క్లాసులో విన్నవే.

సిటీ కాలేజీ ఓల్డ్ బాయ్స్ జట్టులో ఆడిన సయ్యద్ అబ్దుల్ రహీం, కోచ్‌గా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టుని నాలుగో స్థానం దాకా నడిపించారు. ఈ ఊరి ఫుట్‌బాల్ గురించి చదివినప్పుడల్లా మైదానం అంచున నిలబడ్డ ఆడవాళ్ల కోసం వెతుకుతాను. నాకింకా కనబడలేదు.

ఒకసారి బంతి దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికొచ్చింది. తన్నాను. చెప్పు ఎగిరి బంతికన్నా దూరం పోయింది. అప్పటిదాకా బూతులు తిట్టుకుంటున్న రెండు కాలేజీల మగపిల్లలూ కలిసి నవ్వారు. మావాళ్ల నవ్వే గట్టిగా వినిపించింది.

చెప్పు తెచ్చుకుని, మళ్లీ మావాళ్ల పేర్లే అరిచాను.