తొట్లకొండ గరుసు బాట

నేను సైకిలు త్రొక్కుట నేర్చినది పండ్రెండవ యేట. మానినది పదునాలుగవ యేట. మోకాటి గాయము చూచి మానిపించితిమని మా యింటివారనిరి. ఎదిగిన పిల్లయని మానిపించిరని నాకప్పుడే తెలియును. నలువదియాఱవ యేట మరల నేర్చుకొంటిని. గత సంవత్సరము వాననీటి రోడ్డుపై జాఱిపడగా ఎడమ మణికట్టు విఱిగినది. ఎముక అతికినది గాని భయము వదలలేదు. మిట్ట యెక్కుటకు జంకు లేదు. పల్లము కనబడినచో మాత్రము గుండె గుభేలుమనెడిది. సోదరీమణులకు నేను చెప్పబోవునది ఆ దిగుటను గూర్చియే.

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు సముద్రపుటొడ్డున పోవు మార్గము మీలో పలువురు చూచియే యుందురు. ఋషికొండ దాటిన పిమ్మట, నగరమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, మంగమారిపేట చెంత ఎడమవైపున తొట్లకొండ యున్నది. ఎత్తు సుమారు 128 మీటర్లు. హిమాలయములు చూచి వచ్చినవారు నవ్వుదురేమో! కాని సముద్రపుటొడ్డుననే మొదలిడి సైకిలుపై నెక్కువారికి అందులో ఒక్క మీటరైనను తగ్గింపు లేదు. కార్లు పోవు ఘాటుదారి వేఱుగ నున్నది. మా చిన్న ఆడబిడ్డ నన్నా దారిని పోనీయక, ప్రక్క గుట్టలలో పశువులు నడచి చేసిన గరుసు బాట పట్టించెను.

పుష్యమాసము, ఇంకను తెల్లవాఱలేదు. ఆమె ముందుగ చక్రములలోని గాలి కొంత తీసివేసెను. నిండుగాలి చక్రము గరుసుపై బంతివలె ఎగురునట. కొంచెము మెత్తబడినచో నేలను కఱచుకొని పోవునట. తరువాత నా చున్నీ తీసి సంచిలో వేసి, సల్వారు అంచులను రబ్బరు పట్టీతో బిగించెను. చున్నీయైనను చీరచెఱగైనను గొలుసులో చిక్కినచో మనిషి ముందునకు పడుట నిశ్చయము. తలకు హెల్మెటు సరేసరి.

ఈ కొండల రాతిని భూగర్భశాస్త్రజ్ఞులు ఖోండలైటు అందురు. తూర్పు కనుమలలో నివసించు ఖోండుల పేరే దానికి పెట్టిరి. ఎండకు వానకు అది చివికి, ఎఱ్ఱమట్టియు గరుసును అగును. దానిలోని కెంపువంటి గార్నెటు రేణువులే వానలకు కొట్టుకొనిపోయి తీరపు టిసుకలో ఎఱ్ఱని చారలుగ కనబడును. అంత అందమైన రాయి చక్రము క్రిందికి వచ్చునప్పటికి సెనగలు పోసిన నేలవలె నుండును. ఎక్కునపుడు సీటుపైనుండి లేచి త్రొక్కితినా, వెనుక చక్రము ఉన్నచోటనే తిరిగి మన్ను చిమ్మెను. కూర్చుండి, తేలికపాటి గేరులో, మెల్లగ పోవలెను. కడపటి మిట్టలో నేను దిగి, సైకిలు త్రోసికొని నడచితిని. దానికి సిగ్గుపడలేదు. ఉడుకు గిన్నె దింపుటకు మసిగుడ్డ పట్టుకొనుట అవమానమా?

కొండపై బౌద్ధుల సంఘారామ శిథిలములున్నవి. 1976లో నౌకాదళమువారు ఈ ప్రాంతమును పరిశీలించుచుండగా ఇవి బయటపడినవి. 1988 తరువాత పురావస్తుశాఖవారు త్రవ్వి స్తూపమును, భిక్షువుల గదులను వెలికి తీసిరి. రోము దేశపు వెండి నాణెములును దొరకినవి. వాననీరు పట్టుటకై రాతిలో తొలిచిన తొట్లవలననే కొండకీ పేరు వచ్చినది. వేసవికి నీరు దాచుకొన్న ఆ భిక్షువులు సంసారులు కాకపోయినను గృహిణి బుద్ధి గలవారు!

ఇక దిగుట. బాట మొదట నిలిచి చూచితిని. క్రింద నీలముగ సముద్రము. నడుమ జాఱుడు గరుసు. మణికట్టు లోలోపల సలుపసాగెను. నడచి దిగెదనంటిని. ఆడబిడ్డ కాదనలేదు. "మీ యిష్టము వదినా. కాని ముందు బ్రేకు గట్టిగ పట్టకండి. మీరు క్రిందటిసారి పడినది అందువలననే" అనెను.

ఏడాదిగ నేను వానను, రోడ్డును నిందించుచుంటిని! ముందు చక్రము బిగిసినచో అది దొర్లుట మాని జాఱును; జాఱు చక్రము చెప్పిన వైపునకు తిరుగదు. నా చేయి విఱిచినది నా పిడికిలియే. ఆ మాట వినగానే భయము పోలేదు గాని, దాని రూపు మాఱినది. పెడళ్లను సమముగ నిలిపి, సీటుపైనుండి కొంచెము లేచి, నడుము వెనుకకు వంచి, వెనుక బ్రేకును విడచుచు పట్టుచు దిగితిని. రాయిని చూచినచో చక్రము రాతిపైకే పోవుచున్నది. దారిని చూచినచో దారిని పోవుచున్నది. రెండవ మలుపులో వెనుక చక్రము జఱ్ఱున ప్రక్కకు జాఱెను. వ్రేళ్లు తమంతట తాము బిగియబోయినవి. బిగియనీయలేదు. సైకిలు తానే సర్దుకొనెను.

క్రింద టీ బడ్డీయొద్ద చేపల గంపతో కూర్చున్న యొకామె సైకిలును చాలసేపు పరికించి, దీనికి గంప కట్టవచ్చునా యని యడిగెను. తమిళదేశమందలి పుదుక్కోట్ట జిల్లాలో 1991లో అక్షరాస్యతా ఉద్యమమువారు పల్లె స్త్రీలకు సైకిలు నేర్పగా, వారు దానిపై నీళ్ల బిందెలు సయితము మోసికొనిపోయిరని చెప్పితిని. ఆమె గంప దింపి చెంగు బిగించెను. ఆడబిడ్డ వెనుక సీటు పట్టుకొని ప్రక్కన పరుగెత్తెను. కాకులు రాకుండ నేను గంపయొద్ద కాపలా కూర్చుంటిని.