వంగని హేండిలు

సైకిలుకు హేండిలు దేనికి అని మా తరంవాళ్ళను అడిగితే, తిప్పడానికి అని ఒక్కరూ చెప్పరు. సంచీ తగిలించుకోవడానికి అంటారు. మా ఊళ్ళో పాలవాడి హేండిలుకు అటొక కేను, ఇటొక కేను వేలాడుతూ వుండేవి. సంతనుంచి తిరిగి వచ్చేవాళ్ళ హేండిళ్ళకు కాళ్ళు కట్టిన కోళ్ళు, లోకాన్ని తలకిందులుగా చూసుకుంటూ వచ్చేవి. అది ఇనప హేండిలు. ఎక్కడైనా పడి వంకరపోతే, రిపేరు షాపు అబ్బాయి ముందు చక్రాన్ని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఒక్క గుంజు గుంజేవాడు. మళ్ళీ లక్షణంగా వుండేది. దెబ్బ తగిలినట్టు అదే చెప్పేది, బాగయినట్టూ అదే చెప్పేది.

అలాంటి హేండిలు గురించి వారాల తరబడి మాట్లాడుకునే మనుషులు వుంటారని 2024 వేసవిలో కాలిఫోర్నియా వెళ్ళేదాకా నాకు తెలియదు. మా అక్కయ్య కొడుకు సాన్ హోసేలో వుద్యోగం చేస్తున్నాడు. వారంలో అయిదు రోజులు కంప్యూటరు ముందు కూర్చుంటాడు. ఆరో రోజు కొండలెక్కే సైకిలు తీసుకుని పోతాడు. సాయంకాలం అతనూ, అతని స్నేహితులూ ఒంటినిండా దుమ్ముతో వచ్చి గారేజిలో కూర్చుంటారు. అక్కయ్య వాళ్ళకు ఉప్మా పెడుతుంది. వాళ్ళు తింటూ సైకిళ్ళ గురించి మాట్లాడుకుంటారు. తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని, నాకక్కడ పనేమిటి అంటారా? నాకు మనుషుల మాటలు వినడం సరదా.

ఈ కొండసైకిలు పుట్టిందీ ఆ దగ్గరలోనేనట. ఉత్తరాన మారిన్ కౌంటీలో టమల్పయస్ అని ఒక కొండ వుంది. దాని పక్కన ఫేర్‌ఫాక్స్ అనే ఊరి దగ్గర, రెండు మైళ్ళు దాటీ దాటకుండా 1,300 అడుగుల దిగువకు జారిపోయే మట్టిరోడ్డు ఒకటి వుంది. 1976 అక్టోబరులో కొందరు కుర్రాళ్ళు పాతకాలపు బరువు సైకిళ్ళు వేసుకుని దానిమీద పందెం పెట్టుకున్నారు. కింద చేరేసరికి వెనక చక్రంలోని బ్రేకు కాలిపోయి, లోపలి గ్రీజు పొగై పోయేదట. మళ్ళీ గ్రీజు కూరితే గాని సైకిలు కదిలేది కాదు. అందుకనే ఆ దారికి రీప్యాక్ అనే పేరు స్థిరపడింది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి, 1996లో, ఆ ఆట అట్లాంటా ఒలింపిక్స్‌కు ఎక్కింది.

అప్పటివి మోటారు సైకిలు హేండిళ్ళను పోలిన ఇనప గొట్టాలు. తరవాత అల్యూమినియం వచ్చింది. ఇప్పుడు కార్బను. మావాడి సైకిలుకు వున్నది అదే. నల్లగా, నునుపుగా, చేతిలోకి తీసుకుంటే వుందో లేదో అన్నట్టు వుంటుంది. 160 డాలర్లు పెట్టి కొన్నాడు. మన డబ్బులో పదమూడు వేల పైమాటే.

"ఎందుకురా అంత?" అన్నది అక్కయ్య.

"వంద గ్రాములు తగ్గుతుందమ్మా."

"రాత్రి ఓ గరిటెడు పప్పు తక్కువ వేసుకుంటే సరిపోయేది కదరా!"

గారేజి అంతా నవ్వింది. మావాడూ నవ్వి, అసలు సంగతి బయటపెట్టాడు. రాళ్ళమీద గంటసేపు దిగేసరికి అతని చేతివేళ్ళు తిమ్మిరెక్కేవిట. సోమవారం కంప్యూటరు మీద అక్షరాలు కొట్టడం కూడా కష్టమయ్యేదిట. కార్బను హేండిలు వేసినప్పటినుంచీ ఆ తిమ్మిరి సగానికి తగ్గిందన్నాడు.

ఇంకొక స్నేహితుడు వెంటనే అడ్డు తగిలాడు. అతనూ కార్బనే కొన్నాడు, కాని నడిమి లావు 35 మిల్లీమీటర్లది. మావాడిది 31.8. ఆ మూడు మిల్లీమీటర్ల తేడాకే అతనిది చెక్కపేడులా బిర్రబిగిసిపోయి, చేతులు మునుపటికంటె ఎక్కువ నొప్పి పెట్టాయి. అతను మళ్ళీ పాత అల్యూమినియానికే పోయాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. కార్బను అన్నంత మాత్రాన మెత్తగా వుండదు. పోగుల్ని ఏ వాలున పరిచారు, ఎన్ని పొరలు వేశారు, గొట్టం ఎంత లావు అన్నదాన్ని బట్టి వుంటుంది. మన కావడిబద్ద సంగతీ అంతే కదా! వెదురులో పోగులు నిలువునా వుంటాయి కనక అది మోసేవాడి అడుగుకు అడుగు వూగుతుంది. అదే లావు కర్రదుంగ భుజాన వేసుకుంటే మెడ విరుగుతుంది.

వెదురంటే గుర్తొచ్చింది. 1880 ప్రాంతాల ఎడిసన్ తన దీపాలకోసం వెదురు పీచునే మాడ్చి కార్బను పోగు చేశాడు. ఈనాటి గట్టి పోగులకు దారి వేసినవారిలో ఒకరు జపానులో ఒసాకాకు చెందిన అకియో షిండో; 1960 దశాబ్దం మొదట్లో పని చేసి చూపించాడు. స్వెట్టర్లు అల్లే యాక్రిలిక్ దారానికి దగ్గరి చుట్టమైన పోగును, గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో మాడుస్తారు. మిగిలే నల్లపోగు మన తలవెంట్రుకలో పదోవంతు సన్నం. అలాంటివి వేలకు వేలు పేర్చి, జిగురుతో తడిపి, పొరమీద పొర వేసి, అచ్చులో వుడికిస్తారు. పోగు ఒక్కటే అయితే అది దారం, జిగురు ఒక్కటే అయితే అది జిగురు. రెండూ కలిస్తే ఇనుముతో పోటీ. మా వ్యాకరణంలో దీన్ని ద్వంద్వ సమాసం అంటాం; రెండు పదాలకూ సమానమైన ప్రాధాన్యం. క్లాసులో సమాసాన్ని విడదీస్తే విగ్రహవాక్యం వస్తుంది. ఇక్కడ పొరలు విడిపోతే మాత్రం పగిలేది మన విగ్రహమే!

అసలు చిక్కంతా ఆ విడిపోవడంలోనే వుంది. గారేజిలో కూర్చునేవాళ్ళలో ఒక కుర్రవాడికి గడ్డం మీద కుట్ల మచ్చ వుంది. కొండమీద పడ్డాడేమో అనుకున్నాను. కాదుట. ఇంటిముందు వీధిలో, కాలిబాట అంచు ఎక్కించడానికి ముందు చక్రం కాస్త పైకెత్తబోతే హేండిలు ఫెళ్ళున విరిగింది. చేతిలో ఒక ముక్క, సైకిలుకు ఒక ముక్క. కారణం ఆరు నెలల వెనక వుంది. బ్రేకు పిడి కదులుతున్నదని, బోల్టును ఒంట్లో బలమంతా పెట్టి బిగించాడు. అక్కడ నొక్కుకున్న పొరలు మెల్లమెల్లగా చిట్లుతూ వచ్చాయి, పైన వార్నిషు మెరుస్తూనే వుంది. అల్యూమినియమయితే పెద్ద దెబ్బకు చాలాసార్లు వంగుతుంది, సొట్టపడుతుంది. కార్బను వంగదు. విరిగే క్షణందాకా కొత్తదానిలాగే వుంటుంది.

ఇది కుర్రాళ్ళకే జరిగేది కాదు. 2021 మార్చిలో బెల్జియంలో ల సమిన్ అనే రోడ్డు పందెంలో, మహామహుడనిపించుకున్న మాత్యూ వాన్ డెర్ పూల్ చేతిలో కార్బను హేండిలు కుడిపక్క విరిగింది. అతను మిగిలిన సగంతోనే తొక్కి, చివర తన జట్టువాణ్ణి ముందుకు తెచ్చి గెలిపించాడు! అంతకంటె పెద్ద కథ విమానాలది. 1970లో రోల్స్ రాయిస్ వారు తమ కొత్త యింజనుకు కార్బను రెక్కలు పెట్టి, పక్షి తగిలితే ఏమవుతుందో చూద్దామని చచ్చిన కోడిని తుపాకిలాంటి యంత్రంతో దానిమీదకు పేల్చారు. రెక్కలు ముక్కలయ్యాయి. ఆ రెక్కలు మాని టైటానియానికి దిగవలసి వచ్చింది. ఆ యింజను ఖర్చు తడిసి మోపెడై, 1971 ఫిబ్రవరిలో అంతటి కంపెనీ దివాలా తీసింది. అలాగని కార్బను పనికిరాదనా? 1990 తరవాత మళ్ళీ కార్బను రెక్కలే వచ్చాయి, అంచున టైటానియం తొడుగుతో. బోయింగు 787 బరువులో సగం ఈ జాతి పదార్థమే. నేను వెళ్ళిన విమానం ఏదో నేను అడగలేదు.

గారేజికి వచ్చేవాళ్ళలో రిటైరయిన అమెరికన్ బడిపంతులు ఒకాయన వున్నారు. అరవై దాటాయి. ఆయన హేండిలు ఎనిమిదేళ్ళనాటిది, అదీ కార్బనే. "భయమెందుకు? దెబ్బ తగలని కార్బను అలిసిపోదు. అల్యూమినియం దెబ్బ తగలకపోయినా ఏళ్ళ తరబడి వణికి వణికి అలిసిపోతుంది," అంటారాయన. కాని ఆయన జాగ్రత్త చూడాలి! బోల్టు బిగించడానికి ఒక ప్రత్యేకమైన రెంచి వుంది. చెప్పిన బిగువు రాగానే టిక్కుమంటుంది. ఆయన హేండిలు నడుమ బిగించే బోల్టుల మీద 5 న్యూటన్ మీటర్లు అని రాసి వుంది. అంటే పది సెంటీమీటర్ల రెంచి చివర అయిదు కిలోల బియ్యం సంచీ వేలాడదీసినంత. అంతే. జారకుండా, ఇసక కలిపినట్టు గరగరలాడే ఒక లేహ్యం పూస్తారు. బ్రేకు పిడిని మరీ బిర్రుగా బిగించరు. పడినప్పుడు పిడి తిరిగిపోవాలి కాని హేండిలును కొరకకూడదు. ఏడాదికోసారి చేతిపట్టు తొడుగులు వూడదీసి, దీపం పెట్టి, వేలితో తడిమి చూస్తారు. ఏ తేదీన కొన్నదీ, ఎప్పుడెప్పుడు పడిందీ ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటారు. వైద్యుడి దగ్గర రోగి చీటీలాగ! హేండిలు తన కథ తాను చెప్పదు గనక ఎవరో ఒకరు రాసిపెట్టాలిట.

ఇదంతా కాలక్షేపంగా విన్నాను. జూన్ మూడో శనివారం మావాడు పడ్డాడు.

చెట్టువేరు తగిలి ముందు చక్రం పక్కకు జారింది. మోచెయ్యి గీరుకుపోయింది, అంతకు మించి ఏమీ లేదు. అక్కయ్య పసుపు పట్టుకు వచ్చింది. వాడు మందు గొట్టం వెతుక్కున్నాడు. హేండిలు కొస బండరాతికి కొట్టుకున్నది. బ్రేకు పిడి తిరిగినచోట చంద్రవంకలాగ చిన్న గీత పడింది. అంతే, ఇంకేమీ లేదు. నేను మా అమ్మ సంతలో కుండలు కొనేటప్పటిలా వేలి కణుపుతో కొట్టి చూశాను. కంగుమనే అన్నది. కార్బనును నాణెంతో తట్టి చూడడం నిజంగానే వున్నదిట; చిట్లినచోట శబ్దం మొద్దుగా వస్తుందిట. కాని ఇంత సన్నటి గొట్టంలో ఒక్కొక్కచోట ఒక్కొక్క మందం వుంటుంది కనక దాన్ని నమ్మడానికి లేదన్నారు పంతులుగారు. మంచి దెబ్బ తగిలితే మార్చెయ్యమనే తయారు చేసేవాళ్ళూ చెబుతారుట. మావాడు మరోటి తెప్పించుకున్నాడు.

అప్పుడు వచ్చింది అసలు తగువు. వాళ్ళతో పాటు వచ్చే మన తెలుగు కుర్రవాడు ఒకడు వున్నాడు. ఎమ్మెస్ చదువుకుంటున్నాడు, ఎవరో వాడి వదిలిన సైకిలు తొక్కుతున్నాడు. "అన్నా, ఆ పాత హేండిలు నాకు ఇచ్చెయ్యవూ? ఓ నలభై డాలర్లు ఇచ్చుకుంటాను," అన్నాడు.

మావాడు మాట్లాడలేదు. రెండు రోజులు అది గోడకు ఆనించే వుంది. అక్కయ్యకు అది నచ్చలేదు. నాకు ఆవిడ మనసు తెలుసు. మా ఇళ్ళల్లో ఏ వస్తువూ ఒకరితో పోయేది కాదు. అక్కయ్య పుస్తకాలు నేను చదివాను, నావి మా పెదనాన్నగారి పిల్లలు చదివారు. ఒక స్వెట్టరు నలుగురికి వేడినిచ్చింది. అంత మంచి వస్తువును ఒక బీదపిల్లవాడు నోరు తెరిచి అడిగితే ఇవ్వకపోవడం ఆవిడ దృష్టిలో పాపం.

"బాగానే వుంది కదరా! డబ్బు తీసుకోకుండా ఇచ్చెయ్యరాదూ?"

"బాగుందో లేదో నాకు తెలియదమ్మా. నాకు పనికిరాదని పక్కన పెట్టింది వాడికెలా ఇస్తాను?"

"వాడికి చెప్పి ఇవ్వు. వాడి యిష్టం."

"చెబితే మాత్రం? వాడు ఫరవాలేదన్నా అంటాడు. నాకు కొత్తది కొనుక్కునే డబ్బుంది, వాడికి లేదు. అంతేగా తేడా."

అక్కయ్య నావైపు చూసింది. నేను వాడివైపే మాట్లాడాను. మరునాడు వాడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆ నల్లదుమ్ము ఊపిరిలోకి పోకుండా నీళ్ళు చిలకరిస్తూ, సన్నపళ్ళ రంపంతో హేండిలును రెండుగా కోసేశాడు. వూరికే చెత్తబుట్టలో పారేస్తే ఎవరైనా ఏరుకుపోయి బిగించుకుంటారని ఇక్కడివాళ్ళు అలా చేస్తారుట. కోసినచోట పొరలన్నీ తాటాకుల కట్టలాగ బుద్ధిగా ఒకదాన్నొకటి అంటుకునే వున్నాయి.

"చూశావా? ఏమీ కాలేదు," అన్నది అక్కయ్య.

"ఇక్కడ కాలేదమ్మా," అన్నాడు వాడు.

శనివారం ఆ కుర్రవాడు వచ్చి రెండు ముక్కలూ చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. మావాడు అటకమీదనుంచి ఒక అల్యూమినియం హేండిలు దింపాడు. తన సైకిలుతో వచ్చిందే. రెండు నెలలు తొక్కి తీసి పెట్టాడు, ఎన్నడూ పడలేదు. డబ్బు వద్దన్నాడు. పంతులుగారు రెంచి ఆ కుర్రవాడి చేతికే ఇచ్చి పక్కన నిలబడ్డారు. అక్కయ్య ఉప్మా పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఆగింది. కుర్రవాడు ఒక్కొక్క బోల్టూ కొంచెం కొంచెంగా, ఇటొకటి అటొకటి బిగించుకుంటూ వచ్చాడు. నాలుగోది టిక్కుమన్నాక, రెంచి మళ్ళీ మొదటి బోల్టుకే పెట్టి చూశాడు.