అటు ఎస్పీ రోడ్డు... ఇటు పార్క్‌లేన్... మధ్యలో పామిడి!

అనంతపురం నుంచి గుత్తి వైపు వెళ్తుంటే దారి మధ్యలో పెన్న ఒడ్డున తగులుతుంది పామిడి. నది ఒడ్డున ఊరంటే పచ్చగా, చల్లగా ఊహించుకుంటారేమో! నందికొండల్లో పుట్టి ఉత్తరంగా ప్రవహించే పెన్న నీటిని ఎగువన పెనకచెర్ల దగ్గరి మిడ్ పెన్నార్ డ్యామ్ నిలుపుకుంటుంది. పామిడి దగ్గర ఏడాదిలో చాలా రోజులు కనిపించేది ఇసుకే. ఒడ్డున భోగేశ్వరస్వామి గుడి, చుట్టూ వానకోసం ఎదురుచూసే వేరుశనగ చేలు. జిల్లాలో ఏటా కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. సేద్యాన్ని మాత్రమే నమ్ముకుంటే కుదరని నేల ఇది. అందుకే కాబోలు, పామిడి పేరు చెప్పగానే చాలామందికి పంటలకంటే ముందు బట్టలు గుర్తొస్తాయి... బట్టల దుకాణాలు, కుట్టు మిషన్లు.

కుట్టుపని తెలిసిన ఇళ్లకు ఓ ప్రశ్న బాగా పరిచయం. కాలితో తొక్కే పాత మిషన్‌కి మోటారు బిగించుకోవాలా, కొత్త మిషనే కొనాలా? మిషన్ తల గట్టిగా ఉంటే మోటారుతో పనైపోతుంది. లోపలి భాగాలే అరిగిపోతే ఎంత మంచి మోటారు పెట్టినా కుట్టు తప్పుతూనే ఉంటుంది. ఇప్పుడు అదే ప్రశ్న గల్లాపెట్టె పక్కనున్న కంప్యూటర్ దగ్గరికి వచ్చింది.

ఈ తొందరకు కారణం ఓ తేదీ. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విడిగా నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకు మరో ఏడాది గడువిస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ తేదీ దాటగానే కంప్యూటర్ ఆగిపోదు. ఎప్పటిలాగే నడుస్తుంది. కాకపోతే కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు ఉండదు. బ్యాంకు లావాదేవీలు, జీఎస్టీ రిటర్నులు ఆ కంప్యూటర్లోనే చేసేవారికి ఇది చిన్న విషయం కాదు. పోనీ విండోస్ 11 వేద్దామంటే, ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఆ ప్రాసెసర్లు వచ్చిందే 2017లో. అంతకుముందు కొన్న సిస్టమ్ ఎంత బాగా పనిచేస్తున్నా వాటి లెక్కలో ముసలిదే!

సరే, 2013లో కొన్న అసెంబుల్డ్ సిస్టమ్ ఒకటి ఓ బట్టల షాపులో ఉందనుకుందాం. మూడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. పొద్దున ఆన్ చేసి, టీ తాగొచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. యజమాని ‘ఇక దీని పనైపోయింది’ అంటాడు. నిజానికి ఆలస్యం చాలావరకు హార్డ్‌డిస్క్‌ది. దాని లోపల నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పళ్లెం, దాని మీద కదిలే ముల్లు. ఏ ఫైలు కావాలన్నా ముల్లు అక్కడిదాకా వెళ్లాల్సిందే. కదిలే భాగాలే లేని ఎస్‌ఎస్‌డీ పెడితే ఆ వెతుకులాట పోతుంది. అంత పాత బోర్డులో దాని పూర్తి వేగం రాకపోవచ్చు. అయినా తేడా కంటికి కనిపిస్తుంది. ర్యామ్ 8 జీబీ చేస్తే ఇంకాస్త హాయి. పాత మిషన్‌కి మోటారు బిగించడమంటే ఇదే.

అంతకన్నా ముందు చేయాల్సింది మరొకటుంది... మూత విప్పి దుమ్ము దులపడం! అనంతపురం ఎండ, ఎర్రమట్టి దుమ్ము, దానికి తోడు బట్టల షాపులో నూగు. మూడూ కలిసి ఫ్యాను రెక్కల మధ్య మెత్తటి పరుపు పరుస్తాయి. వేడి బయటికి పోక ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. శుభ్రం చేసి, ఎండిపోయిన థర్మల్ పేస్టు మారిస్తే కొన్నిసార్లు సగం జబ్బు అక్కడే కుదురుతుంది.

చిక్కంతా ప్రాసెసర్ మార్చాలనుకున్నప్పుడే. కొత్త ప్రాసెసర్ పాత బోర్డులో కూర్చోదు. బోర్డు మారిస్తే పాత డీడీఆర్3 ర్యామ్ దాన్లో పట్టదు. పన్నెండేళ్లుగా వోల్టేజీ హెచ్చుతగ్గులను తట్టుకున్న ఎస్‌ఎంపీఎస్‌ను కొత్త బోర్డుకి తగిలించడం సాహసమే. ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే చివరికి పాతవాటిలో మిగిలేది మానిటర్, కీబోర్డు, క్యాబినెట్. బోర్డు మీద చెయ్యి పడిందంటే అది అప్‌గ్రేడ్ కాదు, కొత్త సిస్టమే. ఆ సంగతి ముందే తెలిస్తే డబ్బు విడతల వారీగా కరగదు.

కొత్తదే అనుకుంటే విడిభాగాలు ఎక్కడివి? ఇక్కడే పామిడికి ఓ విచిత్రమైన వెసులుబాటు. ఊరికి అందుబాటులో ఉన్నది హైదరాబాద్-బెంగళూరు హైవే... ఒకప్పటి ఏడో నంబరు, ఇప్పటి 44. దక్షిణం కొసన బెంగళూరు ఎస్పీ రోడ్డు, ఉత్తరం కొసన సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. దక్షిణాదిలో కంప్యూటర్ విడిభాగాలకు పేరున్న రెండు బజార్లు అవి. అటు నుంచో ఇటు నుంచో బోర్డు రావచ్చు. తెల్లారి అది పనిచేయకపోతే మాత్రం మార్చుకోవడానికి మళ్లీ అంతదూరం! వందా రెండొందలు ఎక్కువైనా అనంతపురంలో బిల్లుతో కొనడం మేలని లెక్క తెలిసినవారు అనేది అందుకే.

మూడో దారీ ఉంది. పెద్ద కంపెనీలు కొన్నేళ్లు వాడి తీసేసిన డెస్క్‌టాప్‌లు బెంగళూరు బజారులో శుభ్రం చేసి అమ్ముతారు. వాటిలో ఎనిమిదో తరం, ఆపైది చూసుకుంటే విండోస్ 11 దర్జాగా నడుస్తుంది. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాక వీటివైపు చూడక తప్పడం లేదు. ఏఐ డేటా సెంటర్ల కోసం చిప్ కంపెనీలు అటు మళ్లడంతో మామూలు ర్యామ్‌కి కొరత వచ్చింది. ‘క్రూషియల్’ పేరుతో వినియోగదారులకు అమ్మే వ్యాపారాన్ని వదులుకుంటున్నట్టు మైక్రాన్ అదే డిసెంబరులో ప్రకటించింది. ఎక్కడో అమెరికాలో కట్టే డేటా సెంటర్ పెన్న ఒడ్డున బట్టలమ్ముకునే మనిషి బడ్జెట్‌ని తారుమారు చేయడం... కాలమహిమ!

వేగం సంగతి ఇలా ఎలాగోలా తేలుతుంది. తేలనిది, ఆ పాత డబ్బాని నమ్ముకున్న పని. డీటీపీ సెంటర్ల సంగతే తీసుకోండి. పెళ్లికార్డులు, కరపత్రాలు, గుడి రసీదు పుస్తకాలు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే తయారయ్యాయి. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0తోనే ఆగిపోయింది. అను అక్షరాలు యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే శుభలేఖ కాస్తా గజిబిజి ఇంగ్లిషు గుర్తుల కుప్ప అవుతుంది. పాతదాన్ని తూకానికి వేస్తే ఊరి పెళ్లిళ్ల చరిత్రంతా దాంతోపాటే పోతుంది. షాపుల్లోనూ అంతే. కర్రుకర్రుమంటూ బిల్లు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ వెనకాల వెడల్పాటి ప్యారలల్ పోర్టు ఉంటుంది. కొత్త బోర్డుల్లో అది దొరకడం కష్టం. కన్వర్టర్ కేబుల్ ఉన్నా, డాస్ కాలంనాటి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ దానితో ఓ పట్టాన కలవదు.

ఇలాంటి చోట రెండూ ఉంచుకోవడమే తెలివైన పని. పాతదాని నుంచి ఇంటర్నెట్ తీగ పీకేసి, బిల్లులకో పెళ్లికార్డులకో మాత్రమే వాడొచ్చు. బ్యాంకు, జీఎస్టీ పనులకు కొత్తది. ఇంట్లో చదువుకునే పిల్లలకైతే ఎస్‌ఎస్‌డీ వేసిన పాత సిస్టమ్‌లో ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసినా ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి లోటుండదు. ఇంజినీరింగ్‌లో డిజైన్ సాఫ్ట్‌వేర్లు వాడాల్సి వస్తే అప్పుడు కొత్తదాని మాట.

ఏది చేసినా ముందు లెక్కలు, ఫైళ్లు రెండుచోట్ల కాపీ చేసుకోవాలి. పాత హార్డ్‌డిస్క్‌ని ఓ చిన్న యూఎస్‌బీ డబ్బాలో బిగించి బీరువాలో పెట్టేయొచ్చు. ఇక మార్చే ముహూర్తం... దసరా ముందో, పెళ్లిళ్ల సీజన్‌లోనో మాత్రం వద్దు. గిరాకీ పల్చబడే ఆషాఢంలో మొదలుపెడితే, ఏదైనా మొరాయించినా సరిచేసుకోవడానికి శ్రావణం దాకా వ్యవధి ఉంటుంది.